మా ఊరి మేయరమ్మ

మేయరమ్మ నిద్రలో పోయిందంటే మా ఆవిడ నమ్మలేదు.

"నిద్రలోనా? ఆవిడా? సరిగ్గా విన్నారా ఏమండీ?" అంది.

సరిగ్గానే విన్నాను. అప్పుడు మేం హామిల్టన్‌లో మా అమ్మాయి అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. ఊరి కార్యదర్శి ఫోన్ చేసి చెప్పింది. కుర్చీలో కూర్చుని కునుకు తీసిందట, మరి లేవలేదట. చెబుతున్న కార్యదర్శి గొంతులో దుఃఖం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది. ఆ మనిషి ఏ మంచు కింద పడో, ఎద్దు కుమ్మో, ఎవడితోనో కలబడో పోతుందని ఊరంతా ఎప్పుడో నిర్ణయించేసుకుంది మరి.

మా అమ్మాయి మాత్రం, "ఐ వాజ్ సో స్కేర్డ్ ఆఫ్ హర్, నాన్నా," అంది.

ఆటవా శివారు కనాటాలో ఉద్యోగం పోయాక నేను నది దాటి, క్యూబెక్ వైపు, గంటన్నర దూరంలో ఉన్న ఒక ఫ్రెంచి పల్లెలో చిల్లర కొట్టు కొన్నాను. అక్కడ చిల్లర కొట్టును దెపనర్ అంటారు. ఆపదలో ఆదుకునేవాడని ఆ మాటకు అర్థం. ఊరంటే ఒక చర్చి, ఒక బడి, వాగు పక్కన పల్లంలో ఒక వీధి, ఆ వీధి చివర ముసలివాళ్ల ఆశ్రమం, దాని ఎదురుగా మా కొట్టు. మిగతావన్నీ పాల డెయిరీలు, పొలాలు, అడవి. అక్కడివాళ్లు దాన్ని మునిసిపాలిటీ అనే అంటారు గానీ మన పంచాయతీ కంటే చిన్నది. ఆ మునిసిపాలిటీకి ఒక మేయరు, ఆరుగురు సభ్యులు.

మేం వెళ్లిన మొదటి నెలలోనే ఒక మధ్యాహ్నం, కట్టెల మిల్లులో పనిచేసే వాడొకడు తాగి కొట్టులోకి వచ్చాడు. బీరు ఇవ్వనన్నాను. నా రంగు గురించి ఏదో అన్నాడు. నాకప్పటికి ఫ్రెంచి అంతగా రాదు కాబట్టి సగమే అర్థమైంది. రెండో సగం అర్థమయ్యేలా చేతిలోని సీసా నా మీదికి విసిరాడు. అది నా చెవి పక్కనుంచి పోయి సిగరెట్ల బీరువాకి తగిలి పగిలింది. అప్పుడే తలుపు తన్నుకుని ఒకావిడ లోపలికొచ్చింది. పొట్టి మనిషి, అరవై దాటిన వయసు, రబ్బరు బూట్లు, కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఆ మూడు వేళ్లతోనే వాడి జుట్టు దొరకబుచ్చుకుని మొహాన్ని ఐస్‌క్రీం పెట్టె అద్దానికేసి కొట్టింది. ఒకసారి కాదు. వాడి ముక్కు నుంచి కారిన రక్తం అద్దం మీద చారలు కట్టింది. వాణ్ణి బయటికి తోసేసి, చేయి తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నేను మేయర్ని," అంది. "నీ చెత్తడబ్బా రోడ్డుకి తప్పు వైపున పెడుతున్నావు. మంచు తీసే బండి దాన్ని గుద్దేస్తుంది."

నేను థాంక్స్ చెప్పబోయాను.

"ఇంకోసారి వాడొస్తే నువ్వే కొట్టు. నేను మేయర్ని, నీ కాపలాదారుని కాదు."

ఆ రోజునుంచి ఆవిడ మాకు మేయరమ్మ అయింది. నన్ను ఆవిడ ఎప్పుడూ పేరుతో పిలవలేదు. "ఏయ్ దెపనర్!" అనేది. ఫ్రెంచిలోనూ మనలాగే నువ్వు, మీరు రెండూ ఉన్నాయి. ఆవిడ బిషప్పునైనా నువ్వనే పిలిచేది. నేను అలవాటు కొద్దీ మీరు అంటే మండిపడేది. "మీరేంటి? నా పక్కన ఇంకెవరున్నారు?" అని వెనక్కి తిరిగి చూసేది.

ఆ ప్రాంతంలో తిట్లన్నీ చర్చి సామాన్లే. పూజగిన్నె, ప్రసాదం, దాన్ని దాచే పెట్టె, వీటి పేర్లే అక్కడ బూతులు. ఆవిడ మాట్లాడుతుంటే ఒక చర్చిని కూలగొట్టి సామాన్లన్నీ వీధిలోకి విసిరేస్తున్నట్టుండేది. పొద్దున్నే వచ్చి కాఫీ కప్పులో పోసుకుని, కౌంటర్ మీద అరచేత్తో ఒక దెబ్బ వేసి, ఆ రోజు ఎవరిని తిట్టాలో చెప్పి వెళ్లేది. ప్రావిన్సు రోడ్ల శాఖ. మంచులో బండి అడ్డంగా పెట్టినవాడు. కుక్కని కట్టెయ్యనివాడు. ఆ కుక్కల విషయంలోనే, గొర్రెల మీద పడిన రెండు వేట కుక్కల్ని యజమాని చూస్తుండగానే కాల్చిపారేసి, కళేబరాల్ని వాడి గడప మీద పెట్టి వచ్చింది. ఊరి నిబంధన అలాగే ఉందట.

ఒకసారి కొట్టు ముందు రోడ్డు మీద కారు గుద్ది జింక ఒకటి పడిపోయింది. వెనక కాళ్లు రెండూ విరిగాయి. ముందుకాళ్ల మీద లేవబోయి పడుతోంది, మళ్లీ లేవబోతోంది. అరుపు పసిపిల్ల ఏడుపులా ఉంది. గుద్దినవాడు తల పట్టుకుని నిలబడ్డాడు. అటవీశాఖవాళ్లు రావడానికి చాలా సేపు పడుతుందన్నారు ఫోన్‌లో. మేయరమ్మ తన ట్రక్కు ఆపి దిగింది. జింక మెడ మీద మోకాలు ఆన్చి, కొమ్ము పట్టుకుని తల వెనక్కి విరిచి, కత్తితో ఒక్క కోత కోసింది. కత్తి మంచులో తుడుచుకుంది. మా ఆవిడ కొట్టు వెనక్కి పోయి వాంతి చేసుకుంది.

"నీ భార్యకి బాగోలేదా?" అని అడిగింది నన్ను.

"తను మాంసం ముట్టదు."

"ఇది తినడానికి కాదు," అంది కోపంగా. "మన రోడ్డు మీద ఏదీ అలా అరవకూడదు."

మునిసిపల్ సమావేశాలు నెలకొకసారి, చర్చి పక్క హాల్లో జరిగేవి. మిగతా రోజుల్లో అందులో ముసలివాళ్లు చీట్లాడుకునేవారు. నాకప్పటికి ఓటు లేదు, అయినా వెళ్లి వెనక వరసలో కూర్చునేవాణ్ణి. ఫ్రెంచి నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకలేదు. మేయరమ్మ చేతిలో వడ్రంగుల కొయ్యసుత్తి ఒకటుండేది. దానితో కొట్టి కొట్టి బల్లకి గుంట పడింది. కునుకు తీస్తున్న సభ్యుడి మీద ఒకసారి నీళ్ల జగ్గు కుమ్మరించింది. జగ్గుతో సహా.

సభ్యుల్లో ఆవిడ తమ్ముడొకడు. ఆవిడలాగే పొట్టి, ఆవిడలాగే మెడ లేని మనిషి. పెళ్లి చేసుకోలేదు. వాళ్లమ్మ పోయినప్పుడు ఆవుల మందని అక్కాతమ్ముళ్లు చెరిసగం పంచుకున్నారు. వాగుకి ఇవతల పల్లపు వీధి, అవతల ఇంకా పల్లంలో తమ్ముడి పొలం, పశువుల కొట్టం, ఇల్లు. మధ్యన కట్ట మీద రోడ్డు. ఆ కట్ట కింద ఒక చిన్న తూము. వసంతంలో మంచు కరిగినప్పుడల్లా ఐసు గడ్డలు తూముకి అడ్డంపడి నీళ్లు పల్లపు వీధిలోకి తన్నేవి. పెద్ద తూము వెయ్యాలని మేయరమ్మ పట్టు. పెద్ద తూము వేస్తే నీళ్లన్నీ తన పొలం మీద పడతాయని తమ్ముడి పట్టు. ఇద్దరిదీ నిజమే. అందుకే ఆ గొడవ తెగలేదు.

మేం వెళ్లిన రెండో ఏడాది, ఆకురాలే కాలంలో తూము విషయం మళ్లీ ఓటుకి వచ్చింది. ఆశ్రమంలో ముసలివాళ్లని గుర్తు చేసింది మేయరమ్మ. "వాళ్లలో సగంమంది నడవలేరు. నీళ్లొస్తే మంచాల్లోనే ముంచుతావా?" అంది తమ్ముడితో.

"అమ్మ పొలాన్ని ముంచుతావా నువ్వు?" అన్నాడు వాడు.

"అమ్మ నీకు పాలతో పాటు కాస్త సిగ్గు కూడా పట్టి ఉండాల్సింది."

వాడు లేచాడు. ఎవరైనా ఆపుతారేమోనని చూశాను, ఎవరూ కదల్లేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కూర్చునున్న అక్క మూతి మీద పిడికిలితో గుద్దాడు. ఆ చప్పుడు వెనక వరసకి వినిపించింది. కుర్చీతో సహా పడింది. లేచి, నోట్లోంచి ఒక పన్ను తీసి తన నీళ్ల గ్లాసులో వేసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత కొయ్యసుత్తి అందుకుని తమ్ముడి భుజం మీద ఒక్కటి వేసింది. ఎముక విరిగిన శబ్దం పొడి కొమ్మ విరిగినట్టుంది. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఓటు," అంది మేయరమ్మ, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని.

ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. తమ్ముడు బాగున్న చెయ్యి ఎత్తి ఓటేశాడు. "తర్వాతి అంశం," అంది ఆవిడ. మంచు తీసే బండి టైర్ల గురించి మిగతా సమావేశం జరిగింది.

ఇద్దరూ పోలీసులకి చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే కాఫీకి వచ్చినప్పుడు మేయరమ్మ పెదవి ఉబ్బి ఉంది. "చాలా వేడిగా ఉంది నీ కాఫీ," అని నన్ను తిట్టింది.

ఆ చలికాలం మంచు మా కిటికీల సగం వరకు పడింది. వసంతంలో ఒక్కసారిగా ఎండ కాసింది, దాని మీద వాన కురిసింది. నది మీది ఐసు పెళపెళా విరిగి వాగులోకి ఎగదన్నింది. తెల్లారేసరికి తూము మూసుకుపోయింది. పల్లపు వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఊళ్లో కదలగలిగినవాళ్లందరం ఇసక బస్తాలు మోస్తున్నాం. ఆశ్రమంలో ముసలివాళ్లని మేడమీదికి ఎక్కించారు గానీ ఆ పాత చెక్క కట్టడం కింది స్తంభాలు నీళ్లలో కదులుతున్నాయి. వాళ్లని తీసుకుపోవడానికి పడవలు బయల్దేరాయన్నారు, అవెంతకీ రాలేదు.

మేయరమ్మ తొడల దాకా రబ్బరు బూట్లేసుకుని నీళ్లలోంచి నడిచి వచ్చింది. అలాంటప్పుడు రెండు రోజులపాటు ఎవరి అనుమతీ లేకుండా అత్యవసర పరిస్థితి ప్రకటించే అధికారం మేయరుకి ఉంటుంది. ప్రకటించేసింది.

"కట్టకి గండి కొడుతున్నా," అంది. "ముందు వాడి ఆవుల్ని తోలుకురావాలి. దెపనర్, నువ్వూ రా."

తమ్ముడు కొట్టానికి తాళం వేసి ఎటో వెళ్లాడు. పోలీసుల్ని తీసుకురావడానికి వెళ్లాడని కొందరన్నారు. మేయరమ్మ సమ్మెటతో తాళాన్ని కొట్టింది. తాళం ఊడలేదు గానీ తలుపు ఊడింది. లోపల ఆవులు బెదిరి అరుస్తున్నాయి. నాకు ఆవుల్ని తోలడం చిన్నప్పుడు గుంటూరు దగ్గర మా తాతగారి ఊళ్లో అలవాటే గానీ, ఈ ఆవులు నా "హెయ్ హెయ్"కి కదల్లేదు. మేయరమ్మ ఒకదాని మూతి మీద గుద్ది, చెవి పట్టుకుని లాగింది. మిగతావి దాని వెనక నడిచాయి. అన్నింటినీ గట్టు మీదున్న ఆవిడ కొట్టంలోకి చేర్చాం. ఒకటి దారిలో ఐసు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. దాని విషయం కూడా ఆవిడే చూసింది. ఈసారి కత్తి కాదు, సమ్మెటే.

కట్ట మీద మనవాళ్లు ప్రొక్లెయినర్ అనే బండి సిద్ధంగా ఉంది. దాని డ్రైవరు తవ్వడం మొదలుపెట్టాడో లేదో, కట్ట చివర తమ్ముడు కనిపించాడు. చేతిలో వేట తుపాకి ఉంది. డ్రైవరు బండి దిగి పరిగెత్తాడు. అతన్ని తప్పుపట్టలేను. మేమందరం ఇసక బస్తాల వెనక వంగి కూర్చున్నాం.

మేయరమ్మ బండెక్కింది.

"దిగు!" అని అరిచాడు తమ్ముడు. "దిగు, కాలుస్తా!"

"ఆవులు నా దగ్గరున్నాయి," అని అరిచింది ఆవిడ కిటికీలోంచి. "ఇంట్లో నీకేం కావాలో తెచ్చుకో. నీకు కాసేపు టైముంది!"

"దిగవే!"

బండి చెయ్యి లేచి కట్ట మీద దిగింది. తారు పగిలింది. రెండోసారి లేస్తుండగా తుపాకి పేలింది. ముందు అద్దం మొత్తం ఒక్కసారిగా తెల్లబడి జలజలా రాలిపోయింది. సీటులో ఆవిడ కనిపించలేదు. పక్కన ఎవరో దేవుణ్ణి పిలిచారు. ఈసారి అది తిట్టు కాదు.

అంతలో ఆవిడ తల పైకి లేచింది. మొహం నిండా రక్తం. నుదుటిలో, చెంపలో గాజు పెంకులు దిగాయి. ఒక కన్ను మూసుకుపోయింది. తమ్ముడి వైపు ఒక్కసారి చూసి, మళ్లీ లివరు లాగింది. తమ్ముడు రెండోసారి కాల్చలేదు. ఎందుకో నాకు తెలీదు. బండి చెయ్యి దిగడం, మట్టి లేవడం, దిగడం, లేవడం. ఉన్నట్టుండి కట్ట దానంతటదే కుంగి నీళ్లు గర్జించుకుంటూ అటువైపు దూకాయి. గడ్డి మోపులు, ట్రాక్టరు, తలుపు ఊడిన కొట్టం, వాళ్లమ్మ కట్టిన ఇంటి కింది గదులు, అన్నీ మేం చూస్తుండగానే మునిగాయి. ఇటు పల్లపు వీధిలో నీళ్లు తగ్గడం మొదలైంది. ఊళ్లో మనిషి ఒక్కరూ చావలేదు.

తమ్ముడు రోడ్డు మీద కూర్చుని, తుపాకి ఒళ్లో పెట్టుకుని, పోలీసులొచ్చేదాకా అలాగే ఉన్నాడు.

సాక్షుల్లో నేనొకణ్ణి. నా పౌరసత్వం దరఖాస్తు అప్పుడింకా నడుస్తోంది. కోర్టంటే మా ఆవిడ భయపడింది. మేయరమ్మ కాఫీకొచ్చినప్పుడు అడిగాను, ఏం చెప్పమంటారని.

"మీరేంటి మళ్లీ?" అంది. మొహం మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. "నువ్వు చూసింది చెప్పు. అనుకున్నది చెప్పకు. నాకోసం ఒక్క ముక్క కలిపావంటే పళ్లు రాలగొడతాను."

చూసింది చెప్పాను. తుపాకి పేలింది, అద్దం పగిలింది. ఎక్కడికి గురిపెట్టాడని అడిగారు. అంత దూరంనుంచి నాకు తెలీదన్నాను. తర్వాత ఆవిడ వంతు వచ్చింది.

"మా తమ్ముడు చిన్నప్పటినుంచి వేటాడతాడు," అంది. "పరిగెత్తే జింకని కంట్లో కొడతాడు. వాడు అద్దాన్ని కొట్టాలనుకున్నాడు, అద్దాన్నే కొట్టాడు. నన్ను కొట్టాలనుకుంటే నేనిక్కడ ఉండను. కానీ జనం మధ్య తుపాకి పేల్చాడు. దానికి జైల్లో పెట్టండి."

పెట్టారు. హత్యాయత్నం అన్న అభియోగం మాత్రం పోయింది.

ఆ ఏడాది చలికాలం మేయరమ్మ రెండు కొట్టాల పని చేసింది. తమ్ముడి కొట్టంలో బురద ఎత్తిపోసి, తలుపు బిగించి, ఆవుల్ని తిరిగి తోలుకెళ్లింది. పొద్దున్నా సాయంత్రం ముందు తన ఆవులు, తర్వాత వాడివి. మధ్యలో ఊరి పని. ఒకరోజు నేను ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్లాను. ఒక ఆవు పొట్టకి నుదురు ఆన్చి నిలబడి ఉంది. పాలమెషీన్ గొట్టాలు టిక్కు టిక్కుమంటున్నాయి. నా అడుగుల చప్పుడు విని నిటారుగా అయింది.

"వాడి ఆవులకి మీరెందుకు ఇంత కష్టపడాలి?" అన్నాను. "మీరంటే వాడికి..."

"ఇది అమ్మ పెంచిన ఆవుకి మనవరాలు," అంది. "ఇవేం తూముకి అడ్డంగా ఓటెయ్యలేదు కదా." ఆ ఆవు కాలు విదిలిస్తే దాని పక్కటెముకల మీద ఒక్కటిచ్చి, "కదలకు, ప్రసాదమా!" అని తిట్టింది.

మళ్లీ మంచు కరిగాక తమ్ముడు విడుదలై వచ్చాడు. వచ్చిన పొద్దున కొట్టంలో ఆవిడ పాలు తీస్తోందట. ఏం మాట్లాడలేదట. ఆవిడ మెషీను ఆపి, చేతులు కడుక్కుని వెళ్లిపోయిందట. ఆ వారంలోనే వాడు ఆవులన్నీ అమ్మేశాడు. పశువుల లారీ మా కొట్టు ముందునుంచే వెళ్లింది. ఇనప ఊచల మధ్యనుంచి మూతులు బయటికి పెట్టి అరుస్తున్నాయి. మేయరమ్మ కాఫీ కప్పుతో బయట నిలబడి చూసింది. లారీ మలుపు తిరిగాక, నా కొట్టు ముందున్న పేపర్ల స్టాండుని తన్నడం మొదలుపెట్టింది. చెక్క ముక్కలు ముక్కలయ్యేదాకా తన్నింది. బూటు చిరిగి కాలి వేళ్లనుంచి రక్తం వచ్చినా ఆపలేదు. మా ఆవిడ వెళ్లి పట్టుకోబోయింది, నేను వద్దన్నాను.

మర్నాడు మేకులు, సుత్తి, కొత్త చెక్కలు తెచ్చి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా స్టాండుని బాగుచేసి వెళ్లింది.

గండిపడిన చోట రోడ్డు ఎలాగూ మళ్లీ వెయ్యాలి కాబట్టి పెద్ద తూము వేశారు. తర్వాతి ఎన్నికల్లో ఆవిడకి ఎదురు ఎవరూ నిలబడలేదు. తమ్ముడు పొలాన్ని బీడు వదిలేసి, మళ్లీ బాగుచేసుకున్న ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. అక్కకి ఎదురుపడితే రోడ్డు అవతలికి మారేవాడు. మా కొట్టుకి ఒక్కసారి కూడా రాలేదు. సరుకులకి పక్క ఊరికి పోయేవాడు.

మేయరమ్మ అంత్యక్రియలకి మేం హామిల్టన్‌నుంచి వచ్చేసరికి చర్చి నిండిపోయింది. ఆవిడ చేత తన్నులు తిన్నవాళ్లే ముందు వరసల్లో ఉన్నారు. ముక్కు పగలగొట్టించుకున్న మిల్లు మనిషి శవపెట్టె మోశాడు. తమ్ముడు లోపలికి రాలేదు. బయట మంచులో, టోపీ తీసేసి, అయ్యేదాకా నిలబడ్డాడు. నేల గడ్డకట్టి తవ్వడానికి లేదు కాబట్టి పెట్టెని చర్చి వెనక రాతి గదిలో పెట్టి తాళం వేశారు. మంచు కరిగాక పూడ్చిపెడతారు.

నేను వచ్చి కొట్టు తెరిచాను. కాసేపటికి తలుపు తోసుకుని తమ్ముడు వచ్చాడు. కౌంటర్ ముందు నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు.

"ఏం కావాలండీ?" అన్నాను.

"ఏం వద్దు." కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "మీరు కోర్టులో ఉన్నారు కదా. ఆవిడ చెప్పింది విన్నారు కదా, నేను అద్దాన్నే కొట్టానని."

"విన్నాను."

"ఊరంతా అదే అంటుంది. బెదిరించడానికి కాల్చాడు పాపం, అని. పొద్దున చర్చి బయట కూడా ఒకామె నా చెయ్యి పట్టుకుని అదే అంది." "నేను తలకే గురిపెట్టాను. నొక్కేటప్పటికి ఆవిడ లివరు కోసం వంగింది. అంతే."

"ఆవిడకి తెలీదేమో," అన్నాను.

"వంగేముందు నా కళ్లలోకి చూసింది. తుపాకి ఎటుందో చూసింది. మా నాన్న మా ఇద్దరికీ కలిపే వేట నేర్పాడు." టోపీ తలకి పెట్టుకుని తలుపు దాకా వెళ్లి, పిడి మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఆవిడకి తెలుసు," అన్నాడు. "తెలిసే ఆ చలికాలమంతా పాలు తీసింది."